మూడు వేసవులు

సెలవులు ఇచ్చారంటే చాలు, తగరపువలసలో నన్నెరిగిన తల్లిదండ్రులు తప్పక అడిగే మాట ఒకటున్నది. "మాస్టారూ, మావాడిచేత ఈ సెలవుల్లో నాలుగు తెలుగు పుస్తకాలు చదివించాలండి. మంచివి చూసి చెప్పండి." అడిగేవారి సంకల్పం గొప్పదే. కాని ఆ వాక్యంలో రెండు మాటలతో నాకు పేచీ. ఒకటి "చదివించాలి", రెండవది "మంచివి". ఈ రెంటినీ కాసేపు పక్కన పెట్టగలిగితే మిగిలిన పని సులువు. పెట్టలేకపోతే ఎంత గొప్ప గ్రంథమిచ్చినా, జూన్ నెలలో బడి తెరిచేనాటికి అది పదిహేనవ పుట దగ్గరే బోర్లా పడి ఉంటుంది.

నేనిక్కడ చెప్పబోయేది ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను గురించి మాత్రమే. అంతకన్న చిన్నవారికి బొమ్మల పుస్తకాలున్నవి, అదృష్టముంటే కథ చెప్పే అమ్మమ్మలున్నారు. తొమ్మిదిలో అడుగుపెట్టినవాణ్ణి పదో తరగతి అప్పుడే చొక్కా పట్టుకొని లాగుతుంది. ఆపైన ఇంటర్మీడియట్, ప్రవేశపరీక్షలు, ఆ గోల వేరు. ఆరో తరగతి నుంచే ఐ.ఐ.టి. పునాది పాఠాలంటూ సెలవులను కూడా కొరుక్కుతినే బడులు నేడు కొరతగా లేవు. లెక్క వేసి చూడండి. వడగాలికి తలుపులు చేరవేసిన గదిలో, చల్లని గచ్చుమీద బోర్లా పడుకొని, ఎవరి కోసమూ కాకుండా ఒక పిల్లవాడు పుస్తకం చదువుకోగల వేసవులు మూడే మిగులుతున్నవి. ఆరుకూ ఏడుకూ నడుమ ఒకటి, ఏడుకూ ఎనిమిదికీ నడుమ ఒకటి, ఎనిమిదికీ తొమ్మిదికీ నడుమ ఒకటి. ఈ మూడింటిలో చదువు రుచి నాలుకకు తగలకపోతే పెద్దయిన తరువాత తగిలించడం బహు కష్టం. అసాధ్యమనను. ముప్పయ్యేళ్ళు దాటి పుస్తకాల దారి పట్టినవారిని ఇద్దరు ముగ్గురిని చూశాను. కాని ఇద్దరు ముగ్గురినే చూశాను.

మా ఊరు గోస్తనీ ఒడ్డున, జాతీయ రహదారి మీద, విశాఖపట్నానికీ విజయనగరానికీ మధ్య ఉన్న వ్యాపారస్థలం. పక్కనే చిట్టివలస. అక్కడి జూట్ మిల్లు 2009లో మూతపడింది. మిల్లు జీతాల మీద నడిచిన ఇళ్ళు కొన్ని చితికిపోయాయి, కొన్ని ఇళ్ళ పిల్లలు పట్నం దారి పట్టారు. మిగిలినవారిలో, కొత్తగా వచ్చి చేరినవారిలో నాకు రెండు రకాల పిల్లలు కనిపిస్తున్నారు. మొదటి రకం పిల్లలకు ఇంట్లో డబ్బున్నది, గదిలో చల్లని గాలి యంత్రమున్నది, అడిగిన పుస్తకం మరునాటికి గుమ్మంలో వాలుతుంది. వారికి తెలుగు అక్షరం మాత్రం లొంగదు. "క్షే", "త్రం" అని కూడబలుక్కొని వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏమి చదివారో మరచిపోతారు. రెండవ రకం పిల్లలు తెలుగు గడగడ చదివేస్తారు. వారి ఇళ్ళలో పాఠ్యపుస్తకాలూ, గోడమీది కాలెండరూ తప్ప అచ్చుకాగితమన్నది ఉండదు. ఒకరికి అక్షరం లేదు, ఒకరికి పుస్తకం లేదు. విచిత్రమేమంటే ఇద్దరికీ పనికివచ్చే పుస్తకాలు అవే. ఇచ్చే పద్ధతిలోనే తేడా.

తెలుగు పండితుణ్ణి కదా, జాబితా నీతిచంద్రికతో మొదలుపెడతానని చాలామంది అనుకొంటారు. చిన్నయసూరి 1853లో వెలువరించిన ఆ గ్రంథమంటే నాకు ప్రాణం. విద్యార్థి దశలో మిత్రలాభం పుటలకు పుటలు కంఠస్థం చేసినవాణ్ణి. ఆ వాక్యం నడకలో ఉన్న ఠీవి తెలుగు వచనంలో మరొకచోట నాకు దొరకలేదు. అయినా పన్నెండేళ్ళవాడి చేతికి వేసవిలో ఇవ్వను. అది గురువు పక్కన కూర్చొని సంధి విడదీసి, సమాసం విప్పి, రుచి చూపించవలసిన గ్రంథం. ఒంటరిగా పిల్లవాడు దానిలో దిగితే ఒడ్డు కనిపించదు. శతకాలకూ ఇదే మాట. మహాపురుషుల జీవితచరిత్రల సంగతి మరొకటి. వాటిలో చాలా పుస్తకాలు పుట్టినతేదీతో మొదలై పురస్కారాలతో ముగుస్తాయి. నడుమ ఒక్క అల్లరి పని కూడా చేయని మహాపురుషుణ్ణి పిల్లవాడు ఎందుకు నమ్మాలి?

అయితే మొదట ఏమివ్వాలి? తడుముకోకుండా చెబుతాను, పాత చందమామ.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ఈ పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు నడిపించినవారు కొడవటిగంటి కుటుంబరావు. ఆయన కలం కిందుగా వచ్చిన చందమామ కథ ఒకటి తీసి, అందులోని వాక్యాలను విడివిడిగా చూడండి. ఒక వాక్యంలో సాధారణంగా ఒకే పని జరుగుతుంది. రాజు వస్తాడు. తరువాతి వాక్యంలో చూస్తాడు. ఆ తరువాత అడుగుతాడు. విశేషణాల బరువు లేదు, ఉపదేశాల అడ్డు లేదు. ఇందాక చెప్పిన మొదటి రకం పిల్లవాడికి ఇది అమృతం. వాక్యం మొదలు మరచిపోయేలోగానే అది పూర్తవుతుంది! భాషాపండితులు ఈ సౌలభ్యాన్ని కొంచెం చిన్నచూపు చూడటం నేనెరుగుదును. అంత సులువుగా కనిపించే తెలుగు రాయడం ఎంత కష్టమో ఒక్క కథ రాయబూనితే తెలుస్తుంది.

చందమామ 2010 తరువాతి సంవత్సరాలలో ఆగిపోయింది. ఆగిపోయినా పాత సంచికలు అంతర్జాలంలో చాలావరకు దొరుకుతున్నవి. పాత పుస్తకాల కొట్లలో కుట్టించిన సంపుటాలు అప్పుడప్పుడు కంటబడతాయి. దొరికితే కాగితం మీదివే ఇవ్వండి. కథ ఒక్కటే కాదు, బొమ్మ కూడా పిల్లవాణ్ణి పట్టి కూర్చోబెడుతుంది. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన మన వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రం ఒకటి ముందు పెట్టి చూడండి, తెలుగు చదవడం రాని పిల్ల కూడా రెండు నిమిషాలు మాట్లాడదు.

చందమామలో బేతాళ కథలకు నేనొక ప్రత్యేక ప్రయోజనం కల్పించుకొన్నాను. ఆ కథల అమరిక మీకు తెలిసిందే. శవాన్ని భుజాన వేసుకొని విక్రమార్కుడు నడుస్తుంటాడు, బేతాళుడు కథ చెబుతాడు, చివర ఒక చిక్కుప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. సరిగా అక్కడ పుస్తకం మూయాలి. విక్రమార్కుడి జవాబు చదవనివ్వకూడదు. నలుగురు పిల్లలుంటే నాలుగు జవాబులు వస్తాయి. త్యాగం చేసినవాడు గొప్పవాడా, మాట నిలుపుకొన్నవాడు గొప్పవాడా అని అరగంట కొట్టుకుంటారు. తరువాత పుస్తకం తెరిచి చదివితే ఒక్కోసారి విక్రమార్కుడి జవాబుకన్న పిల్లల జవాబే సమంజసంగా ఉంటుంది. అలా తోచినప్పుడు ఆ మాట పిల్లలకు చెప్పేస్తాను. అచ్చులో ఉన్నదానితో విభేదించవచ్చునన్న సంగతి పాఠ్యపుస్తకం ఎన్నటికీ నేర్పదు.

బేతాళ కథల తరువాత దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు. 1954లో వచ్చిన తోకచుక్క మొదలుకొని ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, భల్లూక మాంత్రికుడు. ఆ పేర్లే చాలు. 2010 జనవరిలో ఆయన కాలం చేశారు. ఆ కథల కోసం నెలనెలా ఎదురుచూసిన మా తరంలో చాలామందికి వాటి రచయిత పేరు ఎన్నో ఏళ్ళు తెలియనే తెలియదు. వీటిలో కొన్ని పుస్తకరూపంలోనూ వచ్చాయి. నెలకొక భాగంగా రాసినవి కాబట్టి ప్రతి భాగమూ ఒక ప్రమాదం అంచున ఆగుతుంది. లోయలో కాలు జారుతుంది, కొండగుహలోంచి గర్జన వినిపిస్తుంది, అంతే, ఆ నెలకు సమాప్తం. ఆనాడు మమ్మల్ని నెలరోజులు వేధించిన ఆ విరామాలే ఇప్పుడు నాకు ఆయుధాలు.

రెండు వేసవుల కిందటి సంగతి. మా వీధిలో ఏడో తరగతి ముగించిన పిల్లవాడొకడు పట్నంలోని ఇంగ్లీషు బడిలో చదువుతున్నాడు. తెలుగు వాడికి శిక్ష. తల్లి బలవంతం మీద రోజూ సాయంత్రం వచ్చి నా ఎదుట కూర్చునేవాడు. నేను వాణ్ణి చదవమనలేదు. ధారావాహికలో ఒక భాగం నేనే చదివి వినిపించి, ప్రమాదం అంచున పుస్తకం మూసేశాను. మూడవ రోజు సాయంత్రం దాకా ఆగకుండా పొద్దున్నే వచ్చాడు. "మరేటయ్యిందండి మాస్టారూ?" అన్నాడు. కళ్ళు మండుతున్నాయిరా, నువ్వే చదివి నాకు చెప్పు అన్నాను. (కళ్ళు మండటం నిజం కాదని వేరే చెప్పనక్కరలేదు.) ఒక పుట చదవడానికి వాడికి పావుగంట పట్టింది. చెమటలు కక్కాడు. ఒత్తుల దగ్గర ఆగాడు, "జ్ఞ" దగ్గర పూర్తిగా నిలిచిపోయాడు. నేను అడిగినంతవరకే అందించాను, తప్పు పట్టలేదు. వారం గడిచేసరికి పావుగంటకు రెండు పుటలయ్యాయి. నెల గడిచేసరికి నన్ను పక్కకు తప్పించి పుస్తకం ఇంటికి పట్టుకుపోయాడు. తెలుగు నేర్చుకోవాలని కాదు. ఆ మాంత్రికుడి సంగతేమిటో తేలాలని.

ఇక నవ్వించే పుస్తకాలు. పిల్లలకు నవ్వు కావాలనగానే అందరూ ముళ్ళపూడి వెంకటరమణ బుడుగును తలచుకొంటారు. తలచుకోవలసిందే. కాని ఆ పుస్తకాన్ని ఆరేళ్ళవారికి పుట్టినరోజు కానుకగా ఇచ్చేవారిని చూస్తే నాకు విస్మయం కలుగుతుంది. బుడుగును చూసి నవ్వాలంటే చదివేవాడు బుడుగుకన్న నాలుగైదేళ్ళు పెద్దవాడై ఉండాలి. బుడుగుకు తెలియనిదేదో తనకు తెలుసునన్న ధీమా ఉంటేనే ఆ హాస్యం పండుతుంది. ఆ ధీమా సరిగ్గా పన్నెండు, పదమూడేళ్ళకు వస్తుంది. పైగా బుడుగు పలికినట్టే రాసిన మాటలు తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లకు అచ్చుతప్పుల్లా కనిపిస్తాయి. అందుచేత తొలి పుటలు మీరే పైకి చదవండి. ప్రైవేటు మాస్టర్ల సంగతి వచ్చేసరికి పిల్లలు నావైపు ఓరగా చూసి నవ్వుతారు. దానికి సిద్ధపడే చదవాలి.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టర్ పార్వతీశం ఎనిమిదో తరగతి ముగించినవారికి. మొదటి భాగం 1924 నాటిది. మొత్తం మూడు భాగాలున్నవి గాని పిల్లలకు మొదటిది చాలు. మొగల్తూరు కుర్రవాడు తొలిసారి రైలెక్కడం, ఓడ ఎక్కడం, నెత్తిన పెట్టుకొన్న టోపీ ఆడవారిదని తేలడం. విమానాలెరిగిన ఈ కాలపు పిల్లలకు ఆ బిడియం పడుతుందా అన్న సందేహం మీకు రావచ్చు. పడుతుంది. కొత్త బడిలో మొదటి రోజు అందరూ ఎరిగినది తనకొక్కడికే తెలియక బిక్కచచ్చిపోవడం ఎరుగని పిల్లవాడెవడు?

ఆడపిల్లలకు వేరే పుస్తకాలు, మగపిల్లలకు వేరే పుస్తకాలు అనే విభజన నాకు గిట్టదు. అయినా ఒక సంగతి గమనించాను. మనం ఎంచి ఇచ్చే పుస్తకాల్లో అల్లరి చేసేది ఎప్పుడూ మగపిల్లవాడే. సోమరాజు సుశీలగారి ఇల్లేరమ్మ కతలు ఆ లోటు తీరుస్తుంది. తండ్రి ఉద్యోగం బదిలీలతో ఊళ్ళు మారే ఇంట్లో, చెల్లెళ్ళను వెంటేసుకొని పెత్తనాలు చేసే పిల్ల గొంతు అది. మా ఎదురువీధిలో ప్రభుత్వ పాఠశాలలో చదివే అమ్మాయికి ఇచ్చాను. రెండు రోజుల్లో తిరిగిరావలసిన పుస్తకం పదిరోజులైనా రాలేదు. పదకొండవ రోజున వాళ్ళమ్మే స్వయంగా తెచ్చింది. చేపల బజారులో పనిచేసే మనిషి. "పిల్ల సదివేసి సేనా రోజులయ్యిందండి మాస్టారూ, నానే ఉంచీసినాను" అన్నది. ఏడో తరగతితో చదువు మానినదట. అట్టమీద పసుపు మరక ఒకటి పడింది. ఆ మరక తుడవబోతే వద్దమ్మా, ఉండనియ్ అన్నాను. "ఇలాటిది ఇంకోటుంటే పిల్లకియ్యండి" అని గుమ్మం దాటుతూ అన్నది. ఎవరికోసం అడిగిందో నాకు తెలుసు.

ఇంకోటి ఉన్నది. మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు. నెల్లూరు సీమలో ఒక ముస్లిం ఇంటి పిల్లవాడి బాల్యం. అక్కడి లేమి మా మిల్లు వీధుల పిల్లలకు కొత్త కాదు. ఏడ్పించడానికి రాసింది కాదు గనుక పిల్లలు దానికి దగ్గరవుతారు. నామిని సుబ్రమణ్యం నాయుడు పచ్చ నాకు సాక్షిగా కూడా ఈ వరుసలోనిదే. కాని చిత్తూరు మాండలికం ఉత్తరాంధ్ర చెవికి చాలా దూరం. నాలుగు పుటలు పైకి చదివితే తప్ప ఆ యాస లోపలికి దారి ఇవ్వదు. దారి దొరికితే ఇక ఆగరు. చిత్రమేమంటే, ఎక్కడో చిత్తూరు తల్లి మాట అచ్చులో చూసినప్పుడే మా పిల్లలకు "మనం మాట్లాడేది కూడా రాయొచ్చన్నమాట" అని తోచింది. ఒకడు ఆ మాట నాతో అన్నాడు కూడా.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోకుండా ముందుకు పోలేను. వ్యావహారిక భాషోద్యమమనగానే పండిత సభలూ వాదప్రతివాదాలే మనకు గుర్తుకు వస్తాయి. దానికి ముందే ఆయన పర్లాకిమిడి కొండల్లో సవర భాష నేర్చి, సవర పిల్లలకోసం వారి భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఇంట్లో వినే మాటకూ పుస్తకంలో కనిపించే మాటకూ నడుమ గోడ ఉంటే పిల్లవాడు గోడకు ఇవతలే ఉండిపోతాడని ఆయనకు అక్కడ తెలిసి ఉంటుందని నా ఊహ. 

మరి మా ప్రాంతపు మాట? విజయనగరం చాసోగారి కుంకుడాకు ఉన్నది. ఆకులేరుకొనే పేదపిల్ల కథ, నాలుగైదు పుటలకు మించదు. విశాఖపట్నం రావిశాస్త్రిగారి పిపీలికం ఉన్నది. చదువుకోవాలని బయలుదేరిన చీమ, చీమలు కట్టుకొన్న పుట్టలో వచ్చి చేరిన పాము. పురాణం చెప్పే ధోరణిలో నడిచే ఆ కథలో రచయిత మన పండిత భాషను ఎంత ముద్దుగా వెక్కిరించాడో చూసి నేను ఒక్కణ్ణే నవ్వుకొన్నాను. పిల్లలు మాత్రం చీమ పక్షాన నిలబడి పాము మీద పగబట్టారు. అదీ సరైన పఠనమే. పతంజలి గోపాత్రుడులో భూమి గుండ్రమా, బల్లపరుపా అని ఊరు ఊరంతా తగువులాడుకొంటుంది. ఎనిమిది దాటినవారికి, అదీ పెద్దవారు ముందుగా చదివి చూసుకొని ఇవ్వవలసినది. కొన్ని మాటలు మోటు. చాసో, రావిశాస్త్రి కథలు విడిగా కావాలనుకొనేవారికి శ్రీకాకుళంలో కథానిలయమున్నది. విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పినది. అంతర్జాలంలోనూ దాని తలుపులు తెరిచే ఉన్నవి.

కథలంటే ముఖం చిట్లించే పిల్లలుంటారు. "ఇదంతా అబద్ధం కదా మాస్టారూ" అంటారు. వారిమీద విసుక్కోకూడదు, వారికి నిజాలే ఇవ్వాలి. 1752 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి ఇంగ్లండులో పడుకొన్నవాడు మరునాడు లేచేసరికి సెప్టెంబరు 14 అయింది, ఎందుకో చెప్పుకో అని అటువంటి పిల్లను అడిగి చూడండి. ఆపైన మహీధర నళినీమోహన్ కాలెండర్ కథ చేతికివ్వండి. నండూరి రామమోహనరావుగారి విశ్వరూపం నక్షత్రాలను గురించి, నరావతారం మనిషి పుట్టుకను గురించి. ఈ రెండూ ఎనిమిదో తరగతికి కొంచెం ఎత్తే. అయినా ఆ వయసువారికి కొంచెం ఎత్తైన అరమీది డబ్బామీదనే కదా కన్ను! అదే నండూరివారు మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌నూ, స్టీవెన్సన్ ట్రెజర్ ఐలండ్‌ను కాంచన ద్వీపంగానూ తెలుగు చేశారు. కాంచన ద్వీపం చదివిన పిల్లలను ఒకసారి భీమిలి తీసుకుపోయి డచ్చివారి పాత సమాధులు చూపించాను. నిధి ఎక్కడ పాతారని అడిగారు. తవ్వనివ్వరన్న సంగతి చెబితే నిరాశపడ్డారు.

అనువాదాల్లో మరొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. జపాను రచయిత్రి తెత్సుకో కురోయానాగి తన చిన్ననాటి బడిని గురించి 1981లో వెలువరించిన టొటో చాన్, తెలుగులో రైలుబడి. పాత రైలుపెట్టెలే తరగతి గదులైన బడి, పిల్ల చెప్పే కబుర్లు గంటల తరబడి వినే ప్రధానోపాధ్యాయుడు. 1945లో బాంబుల మంటల్లో ఆ బడి కాలిపోయింది. దీన్ని పిల్లలకిచ్చే ముందు ఉపాధ్యాయులు చదవడం మేలు, లేకపోతే జూన్‌లో పిల్లలు వేసే ప్రశ్నలకు జవాబు ఉండదు.

పటాలంటే ఇష్టపడే పిల్లలకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రలో కొన్ని పుటలు ఏరి ఇస్తాను. మొత్తం వద్దు. 1830-31లో ఆయన చెన్నపట్నం నుంచి కాశీకి పోయి, తిరుగుప్రయాణంలో కలకత్తా మీదుగా దిగి మన ఉత్తరాంధ్ర తీరం దాటిపోయారు. ఆ పుటలు పక్కన పెట్టుకొని పటం మీద వేలితో దారి గీయమంటే రెండు మధ్యాహ్నాలు గడిచిపోతాయి. భాష పాతది. కాని ఊరి పేర్లు తెలిసినవి కావడంతో పిల్లలు దాన్ని లెక్కచేయరు.

ఇచ్చే పద్ధతి గురించి కొంత. కథ చదివాక నీతి అడగవద్దు. సారాంశం రాయమనవద్దు. రాయమన్న మరుక్షణం అది హోంవర్కు అవుతుంది. తెలియని మాటకు వెంటనే నిఘంటువు తీయించవద్దు. పండితుడై ఉండి ఈ మాటా అని నా పాత సహోద్యోగులు కోప్పడతారేమో. మాట అర్థం చాలాసార్లు తరువాతి వాక్యంలోనే ఉంటుంది, ఆ వాక్యం దాకా పోనివ్వడమే మనం చేయవలసింది. నచ్చని పుస్తకాన్ని సగంలో వదిలేయనివ్వండి. పెద్దలం మనం వదిలేసినవి ఎన్ని లేవు! "దీనికి మార్కులుంటాయా మాస్టారూ?" అని అడిగిన తండ్రికి, లేవు బాబూ, అందుకే ఇస్తున్నాను అని చెప్పాను. ఆయన నవ్వలేదు.

ఫోను చేతిలో ఉండగా పుస్తకమెవరు చదువుతారంటారు. నిజమే. కాని ఫోనును శత్రువుగా చూసి గెలిచిన ఇంటిని నేను చూడలేదు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మకథలు ఉచితంగా చదువుకోవచ్చు. చాలావరకు చిన్నపిల్లలవే గాని, అక్షరం తడబడే ఆరో తరగతి పిల్లకు చాటుగా సాధన చేసుకోవడానికి పనికివస్తాయి. చిన్నపిల్లల పుస్తకం చేతిలో పట్టుకొంటే నామోషీ, ఫోనులో అయితే ఎవరికీ కనిపించదు కదా. కొనేవారికి విశాలాంధ్ర దుకాణాలున్నాయి, పిల్లల పుస్తకాలకే ప్రత్యేకించిన మంచి పుస్తకం వారున్నారు. కొనలేనివారికి ప్రభుత్వ గ్రంథాలయాలు కొన్నేళ్ళుగా వేసవి విజ్ఞాన శిబిరాలు నడుపుతున్నవి. 2020లో మన రాష్ట్రంలో "చదవడం మాకిష్టం" అనే కార్యక్రమం కూడా వచ్చింది. పేరు చాలా బాగున్నది. ఆ "ఇష్టం" అన్న మాటకు తగిన పుస్తకం ఆ బల్లమీద ఉన్నదా లేదా అన్నది శిబిరం నడిపేవారు ఎవరికి వారు చూసుకోవాలి.

నా అలమారాలో ఒక ఖాళీ మాత్రం ఎంత వెదికినా పూడలేదు. ఇల్లేరమ్మ వలె, దర్గామిట్ట పిల్లవాడి వలె, గోస్తనీ ఒడ్డున, మిల్లు సైరను వింటూ, సంతలో తిరుగుతూ, "నాను", "ఏటి" అంటూ తన చిన్నతనం తానే చెప్పుకొనే పిల్ల పుస్తకం నా దగ్గర లేదు. చాసో కథలోని పిల్లలను చాసో చూసి రాశారు. నేనడిగేది పిల్లే చెప్పుకొన్నట్టుండే పుస్తకం. మీలో ఎవరికైనా అటువంటిది తెలిసి ఉంటే దయచేసి పేరు చెప్పండి. రాయగలవారెవరైనా ఉంటే ఇంకా మేలు. మే నెల దాటకుండా తెలిస్తే బాగుంటుంది. ఎదురువీధి అమ్మాయి దగ్గరున్న దర్గామిట్ట కతలు ఇంకో ముప్పై పుటలే మిగిలినవట, తరువాత వాళ్ళమ్మ వంతు.